రేపటి సంగతి ఇవాళే చెప్పండి

పోయిన ఎండాకాలం మా బాపు దశదిన కర్మ రోజు పొద్దున్నే అయిదింటికి సంపు మూత తీసి చూస్తే అడుగున జానెడు నీళ్లు. ముందు రోజు రావాల్సిన నల్లా రాలేదు, రాత్రికన్నా వస్తుందిలే అనుకుని పడుకున్నాం. ఇంటి ముందు టెంటు వేసి ఉంది, వంటవాళ్లు గాడిపొయ్యి తవ్వుకుని బియ్యం కడగడానికి నీళ్లడుగుతున్నారు, నూటయాభై మంది దాకా చుట్టాలు రావాలి. మా బావ బండేసుకుని ఊరంతా తిరిగి చివరికి ఒక ట్యాంకరు పట్టుకొచ్చాడు, 1,200 రూపాయలు తీసుకున్నారు. డబ్బుల గురించి కాదు నా బాధ. ట్యాంకరు మా గల్లీలోకి తిరుగుతుంటే పక్క వాడకట్టు ఆయన ఒకరు మా బావనడిగాడట, "నీళ్లు రెండు రోజులు బందని మొన్ననే మెసేజ్ వచ్చింది గదా, మీకు రాలే?" అని.

మాకు రాలేదు. అది వాళ్ల వార్డు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మా వార్డు గ్రూపులో ఆ మాటే లేదు.

మూడో రోజు పేపరు జిల్లా పేజీలో కింద మూలకు నాలుగు లైన్ల వార్త పడింది. పైపులైను మరమ్మతుల వల్ల పలు వార్డుల్లో రెండు రోజులు నీటి సరఫరా నిలిచిపోయిందట. నిలిచిపోయింది అన్న మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. నిలిచిపోతుంది అని మూడు రోజుల ముందు రాసి ఉంటే అది మాకు వార్త. నిలిచిపోయాక రాస్తే ఏం చేసుకోవాలి? మా సంపు మాకు ముందే చెప్పింది కదా.

ఊరి పేరు రాయడం లేదు. నల్లగొండ జిల్లాలో ఒక మున్సిపాలిటీ అనుకోండి. ఒక ఆఫీసు మీద, ఒక మనిషి మీద ఫిర్యాదు చేయడానికి కాదు ఇది రాస్తున్నది. మిర్యాలగూడలో ఉండే మా చెల్లెలికి, పాలమూరులో ఉండే మా దోస్తుకు ఈ సంగతి చెప్తే ఇద్దరూ ఒక్క తీరుగానే "మా దగ్గర గూడ గంతే" అన్నారు. అందుకే ఇది ఒక్క ఊరి ముచ్చట కాదని నాకు అర్థమైంది.

ఆ తర్వాత కొన్నాళ్లు నాకొక అలవాటు పట్టుకుంది. జిల్లా పేజీ తెరవగానే మా ఊరి వార్తల్లో వాక్యం చివర ఏ క్రియ ఉందో చూడటం. ప్రారంభించారు. పరిశీలించారు. ఆదేశించారు. పాల్గొన్నారు. సన్మానించారు. రాసేవాళ్లది ఇందులో పెద్ద తప్పేమీ లేదు, జరిగిన దాన్నే వార్త అంటారు మరి. కానీ ఒక ఊళ్లో బతికేవాడికి జరిగినదానికన్నా జరగబోయేదే ఎక్కువ అవసరం. ఢిల్లీలో ఏం జరిగిందో మర్నాడు తెలిసినా సరిపోతుంది, అక్కడ నేను చేయగలిగిందేమీ లేదు. మా గల్లీ మోరీ ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా తవ్వుతారో మాత్రం తవ్వక ముందే తెలియాలి. తవ్విన తర్వాత తెలుసుకోవడానికి పేపరు అక్కర్లేదు, తలుపు తీస్తే కనపడుతుంది.

మా పక్కింటి పెద్దమ్మకు డెబ్బై దాటాయి. కంట్లో శుక్లం వచ్చి రెండేళ్లయింది. ఊళ్లో ఒక కమ్యూనిటీ హాల్లో ఉచిత కంటి శిబిరం జరిగింది, పరీక్షలు చేసి ఆపరేషన్ అవసరమైన వాళ్లను వాళ్లే బస్సులో తీసుకుపోయారు. ఆ హాలు మా ఇళ్లకు నడిచిపోతే పది నిమిషాలు. శిబిరం విజయవంతమైందని ఫొటోతో వార్త చదివింది నేనే, ఆమెకు చెప్పిందీ నేనే. పెద్దమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "మల్లెప్పుడు పెడ్తరో ఆ పేపర్ల రాసిండ్రా బిడ్డా?" అని అడిగింది. రాయలేదు.

చాటింపు పోయింది, దాని జాగాలో ఏం వచ్చింది?

మా చిన్నప్పుడు ఊళ్లో పొద్దుగూకే వేళ డప్పు చాటింపు వినపడేది. నాలుగు బజార్లు కలిసే చోట ఆగి మూడు దెబ్బలు కొట్టి, "ఇందుమూలంగా తెలియజేసేదేమనగా" అని మొదలుపెట్టేవాడు. రేపు పొద్దున పటేలు చావిడి కాడ మీటింగు, ఎల్లుండి పశువులకు సూదులు, సోమవారం చెరువు తూము ఎత్తుతారు. చూశారా, అన్నీ రేపటివీ ఎల్లుండివీ. నిన్న ఫలానా వాళ్లు చెరువు పరిశీలించారని ఎవరూ ఎన్నడూ చాటింపు వేయలేదు.

ఆ కాలమే బాగుండేదని అనబోతున్నానని అనుకోకండి. ఆ డప్పు కొట్టే మనిషి ఇష్టమై ఆ పని చేసినవాడు కాదు, కులం పేరుతో తరతరాలుగా మెడకు వేసిన వెట్టి అది, కూలీ కూడా సరిగా ఇవ్వని పని. అది పోవడమే న్యాయం. నేను అడిగేదల్లా, పోయిన దాని జాగాలో మనం ఏం పెట్టుకున్నామని. చాటింపులో ఒక గుణముంది, గల్లీలో ఉన్న ప్రతి చెవికీ వినపడేది. చదువు వచ్చినా రాకపోయినా, ఏ పార్టీ అయినా, సర్పంచితో మాటలున్నా లేకున్నా. ఇవాళ వార్డు వాట్సాప్ గ్రూపు అలా కాదు. దానికొక అడ్మిన్ ఉంటాడు, ఆ అడ్మిన్ వెనక ఒక నాయకుడు ఉంటాడు. వీధిలైటు వెలగట్లేదని రెండుసార్లు అడిగినందుకు మా వాడకట్టులో ఒక పిల్లగాణ్ని గ్రూపులోంచి తీసేశారు. ఆ తీసేయడంతో వాడికి వీధిలైటు సంగతే కాదు, నల్లా ఎప్పుడొస్తుందో, చెత్త బండి ఏ రోజు రాదో, అన్నీ తెలియకుండా పోయాయి. ఊరి సమాచారం ఎవరో ఒకరి ఇంటి వరండాలో పెట్టినట్టయింది, వాళ్లు గేటు తీస్తేనే మనం లోపలికి పోవాలి.

ఇంకో మాట. మా ఊరి చుట్టుపక్కల పల్లెలు కొన్ని మున్సిపాలిటీలో కలిశాయి. 2018లో రాష్ట్రంలో కొత్తగా 68 మున్సిపాలిటీలు ఏర్పడ్డాయి, అప్పుడు గ్రామ పంచాయతీలుగా ఉన్న ఊళ్లు చాలా పట్టణాలయ్యాయి, పాత పట్టణాల్లో కూడా చుట్టూ ఉన్న ఊళ్లు కలిశాయి. పంచాయతీగా ఉన్నన్నాళ్లు వాళ్లకు గ్రామసభ అని ఒకటుండేది. ఆ సభలు సరిగా జరిగేవని నేననను, తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకున్న సభలు నాకూ తెలుసు. కానీ గొడవ పడటానికైనా ఒక రోజు, ఒక చెట్టు, ఒక కుర్చీ ఉండేవి. కలిసిన తర్వాత అదీ పోయింది. అట్లా కలిసిన ఊరి రైతు ఒకాయన నాతో అన్నాడు, "టౌనయినం అన్నరు. ఇంటిపన్ను పెరిగిందని తెల్సింది. ఇంకేం తెల్వలే."

నూరేళ్ల కింద ఇదే జిల్లాలో

ఇది రాస్తూ ఒక విషయం గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. తెలుగులో స్థానికంగా పత్రిక నడపడం అనే పనికి మన దక్షిణ తెలంగాణకు పాత చుట్టరికం ఉంది. 1913లోనే మహబూబ్‌నగర్ నుంచి ‘హితబోధిని’ వచ్చింది. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ వారపత్రిక తెచ్చారు. నిజాం రాజ్యం, కచ్చేరీ భాష ఉర్దూ, తెలుగు బడులు అంతంతమాత్రం, చదివేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అటువంటప్పుడు హైదరాబాదులో కాదు, నల్లగొండలో కూర్చుని, నల్లగొండ పాత పేరే పత్రికకు పెట్టుకుని తెలుగులో అచ్చు వేశారు. మన సంగతులు మన భాషలో మనమే చెప్పుకోవాలన్న పట్టుదల లేకపోతే అంత కష్టం ఎవరు పడతారు?

ఇవాళ మన చేతుల్లో ఫోనుంది, ఊళ్లో డజన్ల కొద్దీ యూట్యూబ్ చానళ్లున్నాయి, ప్రతి పేపరుకూ మండలానికొక విలేకరి ఉన్నాడు. అయినా రేపు పొద్దున మా వార్డులో ఏ రోడ్డు మూసేస్తారో నాకు చెప్పేవాళ్లు లేరు.

నా చిన్ననాటి దోస్తు ఒకడు విలేకరి. వాడి దగ్గర ఈ ఆవేశమంతా వెళ్లగక్కాను. వాడు ఓపిగ్గా విని చెప్పింది ఇది. "మున్సిపల్ మీటింగు ఎజెండా మీద నేను మూడుసార్లు రాసిన. ఒక్కడు ఫోన్ చెయ్యలే. గణేష్ మండపం కాడ అన్నదానం ఫొటో రాకపోతే మాత్రం ఒక్క పొద్దున్నే పదిమంది చేసిండ్రు, మా పేరెందుకు రాలేదని. మాకు జీతాలు ఎంతిస్తరో నీకు తెల్సు. యాడ్స్ టార్గెట్ ఎంతుంటదో గూడ తెల్సు. పదిమంది అడిగింది రాస్తనా, ఎవ్వడు అడగంది రాస్తనా?"

వాడి మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు, ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. మనం అడిగేదే మనకొస్తుందన్న మాటలో నిజం ఉంది. మన ఫొటో వస్తే కత్తిరించి దాచుకుంటాం. ఎజెండా చదవం. కానీ నేను అడుగుతున్నది వార్త కూడా కాదని వాడితో మాట్లాడాకే నాకు తెలిసొచ్చింది. ‘బుధవారం నల్లా రాదు’ అన్నది విలేకరి రాయాల్సిన వార్త కాదు. అది నీళ్లు వదిలేవాళ్లు, నీళ్లు తాగేవాళ్లకు చెప్పాల్సిన మాట. దాన్ని చెప్పే బాధ్యత పేపరు మీదికి నెట్టి మనం పేపరును తిడుతున్నాం.

చట్టంలో చాటింపు

సమాచార హక్కు చట్టం అనగానే మనకు దరఖాస్తు, పది రూపాయలు, ముప్పై రోజులు గుర్తొస్తాయి. 2005లో వచ్చిన ఆ చట్టంలో నాలుగో సెక్షన్ మాత్రం దరఖాస్తు గురించి కాదు, అడగకుండానే చెప్పాల్సిన వాటి గురించి. ప్రజల మీద ప్రభావం పడే ముఖ్యమైన నిర్ణయాలు ప్రకటించేటప్పుడు దానికి సంబంధించిన సంగతులన్నీ బయటపెట్టాలి, ఎవరి మీద ప్రభావం పడుతుందో వాళ్లకు కారణాలు చెప్పాలి. ఎట్లా చెప్పాలో కూడా అందులోనే ఉంది. స్థానిక భాషను, ఖర్చును, ఆ ప్రాంతంలో ఏ పద్ధతి బాగా పనిచేస్తుందో దాన్ని దృష్టిలో పెట్టుకోవాలట. నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ఇంటర్నెట్ అని వరసగా రాశారు. బహిరంగ ప్రకటన అంటే ఏమిటి? చాటింపే కదా. డప్పు పోయిందనుకున్నాం గానీ పార్లమెంటు చేసిన చట్టంలో దానికొక జాగా ఉంచారు.

మన మున్సిపల్ చట్టం, 2019లో వచ్చింది, అదీ తక్కువేం కాదు. ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలంది. యువకులది ఒకటి, మహిళలది ఒకటి, సీనియర్ సిటిజన్లది ఒకటి, ఊళ్లో పేరున్న పెద్దలది ఒకటి. కమిటీకి 15 మంది, అంటే వార్డుకు 60 మంది. 2020 ఎన్నికలప్పుడు నల్లగొండలో 48 వార్డులు. లెక్క కట్టండి, ఒక్క నల్లగొండలోనే 2,880 మంది! ఆ ఏడాది ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైనప్పుడు ఈ కమిటీల పేర్లు రాసుకున్నారు, మా ఊళ్లోనూ రాసుకున్నారు. మా చిన్నాయన సీనియర్ సిటిజన్ల కమిటీలో సభ్యుడు. మీటింగుకు ఎన్నిసార్లు పిలిచారు అని మొన్న అడిగితే మొదట్లో ఒకసారి గ్రూపు ఫొటో దిగామన్నాడు, తర్వాత తనకు కబురు రాలేదన్నాడు. తాను ఇంకా సభ్యుడో కాదో కూడా ఆయనకు తెలియదు.

వార్డుకు 60 మంది. ఒక్కొక్కరు తమ గల్లీలో పది ఇళ్లకు నోటిమాటగా చెప్పినా 600 ఇళ్లు. ఏ యాప్ కావాలి దీనికి?

2025 జనవరి ఆఖరుకు చాలా మున్సిపాలిటీల్లో పాలకవర్గాల గడువు అయిపోయి స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు. గల్లీలో ఎదురైతే నిలబెట్టి అడగడానికి కౌన్సిలర్ కూడా లేని కాలమొకటి చూశాం. అప్పుడే నాకు బాగా తెలిసింది, కౌన్సిలర్ ఎంత మంచివాడైనా సమాచారం ఆయన నోట్లో మాత్రమే ఉంటే, ఆయన పదవితో పాటే అదీ పోతుందని.

"ముందే చెప్తే పని సాగదు"

ఇది మా మాజీ కౌన్సిలర్ ఒకాయన మాట. మనిషి మంచివాడు, రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసినా ఎత్తేవాడు. ఆయన చెప్పింది నేను తేలిగ్గా తీసిపారేయలేను. "అన్నా, సీసీ రోడ్డు పైసలు ఒక గల్లీకే వచ్చినయనుకో. ముందే బోర్డు పెడితే మిగతా నాలుగు గల్లీలోళ్లు వచ్చి మా గల్లీ ముందు, మా గల్లీ ముందు అని కూసుంటరు. కాంట్రాక్టరు భయపడి పోతడు. పైసలు మల్ల పోతయ్. పని అయినంక తిట్టినా పడ్తం, పని అయితే అయితది గదా."

ఆయన చెప్పేది అనుభవం మీద చెప్పేదే. మా గల్లీలోనే చూశాను. మోరీ ఏ పక్క నుంచి పోవాలని ఒకసారి ముందే అందరినీ పిలిచి అడిగితే, ఇద్దరు అన్నదమ్ముల కొడుకులు అరుగుల మీద పంచాయతీ పెట్టుకుని రెండు నెలలు పని ఆగింది. ఆ రెండు నెలలు దోమలతో చచ్చాం. అడగకుండా తవ్వేసి ఉంటే బాగుండేదని అప్పుడు నేను కూడా అన్నాను. ఇది దాచి వ్యాసం రాస్తే నాకు నిద్ర పట్టదు.

కానీ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. రెండు నెలల తర్వాత ఆ మోరీ పడింది, ఇప్పటిదాకా ఎవరూ పగలగొట్టలేదు. దానికి అవతల గల్లీలో ఎవరికీ చెప్పకుండా వేసిన సీసీ రోడ్డును నల్లా కనెక్షన్ల కోసం నెల తిరగకముందే మూడు చోట్ల తవ్వారు. రోడ్డు వేస్తున్నారని ముందే తెలిస్తే మేం కనెక్షన్ ముందే తీసుకునేవాళ్లం కదా అని ఆ గల్లీ వాళ్ల మొర. కొట్లాట రెండు చోట్లా అయింది. ఒకచోట పనికి ముందు, ఒకచోట పని తర్వాత. ముందు అయిన కొట్లాటలో రెండు నెలలు పోయాయి, తర్వాత అయిన కొట్లాటలో రోడ్డే పోయింది.

2025 జనవరిలో నాలుగు రోజులు వార్డు సభలు పెట్టారు, రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదివారు. పిలిస్తే ఎవరొస్తారు అనేవాళ్లు ఆ సభలు చూడాల్సింది. కూర్చోడానికి జాగా లేదు. అరుపులు, కేకలు, మైకు లాక్కోవడాలు, అన్నీ అయ్యాయి. ఆఫీసర్ల ముఖాల్లో టెన్షన్ కనపడింది. అయినా పేరు లేనివాళ్లు అక్కడికక్కడే దరఖాస్తు రాసిచ్చారు. జాబితా అల్మారాలో ఉండి ఉంటే ఆ పేరు లేదన్న సంగతే వాళ్లకు తెలిసేది కాదు. మన బతుక్కు సంబంధించిన కాగితం చదువుతున్నారంటే జనం వస్తారు, మా విలేకరి దోస్తుకు కూడా నేను ఇదే చెప్పాను.

మూలమలుపు బోర్డు

బాపు కర్మ అయిన నెలకు, మా గల్లీ మొదట్లో ఉన్న చాయ్ హోటల్ గోడకు ఒక నల్లబోర్డు కొట్టించాం. బడిలో వాడే రకం, మూడడుగులది. హోటలాయన మొదట ఒప్పుకోలేదు, ఏదైనా పార్టీ గొడవ వస్తుందని. రేపటి సంగతి తప్ప ఇంకేదీ రాయమని, ఎవరి పేరూ రాయమని మాటిచ్చాక సరేనన్నాడు. ఎవరి పేరూ రాయమన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాం. నల్లా ఎప్పుడు, కరెంటు ఎప్పుడు బందు, బస్తీ దవాఖానలో టీకాలు ఏ రోజు, ఇంటిపన్ను ఏప్రిల్ 30 లోపల కడితే ఈ ఏడాది పన్నులో 5 శాతం తగ్గింపు, కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి, బతుకమ్మ ఆడే చెరువు దగ్గర లైట్లు ఏ రోజు నుంచి పెడతారు. సద్దుల బతుకమ్మ ఫలానా రోజా మర్నాడా అని ఒక్కో ఏడాది తర్జనభర్జన వస్తుంది చూడండి, ఆ వారం మా బోర్డు దగ్గర ఆడవాళ్లు నిలబడి చదివారు. అంతకుముందు ఆ హోటల్ ముందు ఆడవాళ్లు నిలబడటం నేను చూడలేదు.

రాసేది మేం నలుగురం. ఒక రిటైర్డ్ టీచరమ్మ, మెప్మాలో (పట్టణ మహిళా సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ) ఆర్‌పీగా (రిసోర్స్ పర్సన్) చేసే ఒక అక్క, డిగ్రీ చదివే పిల్లగాడు ఒకడు (గ్రూపులోంచి తీసేశారని చెప్పానే, వాడే), నేను. ఆర్‌పీ అక్కకు మహిళా సంఘాల వల్ల ఊరంతా తెలుసు, మాలో ఎవరికన్నా ముందు ఆమెకే సంగతులు తెలుస్తాయి. మొదటి నెలలోనే ఎదురింటి ఖాలా వచ్చి, నాకు తెలుగు చదవరాదు, నా నల్లా సంగతి ఎట్లా అని అడిగింది. ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష, మా మూడడుగుల బోర్డు మీద మాత్రం మాకా ఆలోచనే రాలేదు. ఆ మర్నాటి నుంచి ఆమె మనవరాలు, ఎనిమిదో తరగతి, బడికి పోతూ పోతూ కింద ఉర్దూలో ఒక లైను రాసి పోతుంది.

ఒకసారి తప్పు రాశాం. గురువారం నల్లా అని రాశాం, రాలేదు, శుక్రవారం వచ్చింది. ఆ గురువారం పొద్దున కూలీకి పోకుండా నీళ్ల కోసం ఇంట్లో ఆగిన ఒకామె హోటల్ దగ్గరికొచ్చి నాతో గట్టిగా మాట్లాడింది. ఒక రోజు కూలీ పోయింది ఆమెకు. నేను తలొంచుకుని విన్నాను. ముందే చెప్పడమంటే మాటకు పూచీ పడటమని ఆ రోజు తెలిసింది. ఆఫీసు వాళ్లు ఎందుకు ముందే చెప్పరో కూడా కొంత అర్థమైంది, చెప్పకపోతే తప్పు పట్టేవాడు ఉండడు కదా. ఆ తర్వాత నుంచి ఖాయంగా తెలిస్తేనే రాస్తున్నాం, మారితే పాత లైను తుడవకుండా దాని పక్కనే మార్పు రాస్తున్నాం.

మా వార్డులో ఆ ఏడాది మంజూరైన పనుల జాబితా కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. గడువు లోపలే కాగితాలు వచ్చాయి. రోజుకొక పని చొప్పున బోర్డు మీద రాయడం మొదలుపెట్టాం. పని పేరు, ఎన్ని మీటర్లు, ఎంత డబ్బు, అంతే. మూడో రోజు రాసింది ఒక సైడు మోరీ, 42 మీటర్లు. చాయ్ తాగుతున్న ముసలి మేస్త్రీ ఒకాయన గ్లాసు పక్కన పెట్టి లేచి పోయాడు. అరగంటకు తిరిగొచ్చాడు, చేతిలో టేపు. "కొలిసిన. నలభై రెండున్నరుంది. మంచిగనే పోసిండ్రు" అన్నాడు. అక్కడున్న ఆరేడుగురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఆ మోరీలో సగం డబ్బులు తిన్నారని ఏడాదిగా ఇదే హోటల్లో ఎన్నిసార్లు అనుకున్నామో. లెక్క ముందే గోడ మీద ఉంటే ఆ పని చేయించిన ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరు), పోసిన కూలీలకు ఆ మాట పడేది కాదు.

ఇక నా అసలు విన్నపం. ఒక బోర్డుతో ఒక గల్లీ అవసరం తీరుతుంది, ఊరిది తీరదు. ఊరంతటికీ పొద్దున్నే ప్రతి గల్లీలోకి, ప్రతి ఇంటి ముందుకు వచ్చే ప్రభుత్వ బండి ఇప్పటికే ఒకటుంది. చెత్త బండి. దానికి మైకుంది. తడి చెత్త, పొడి చెత్త అని రికార్డు రోజూ మోగుతూనే ఉంటుంది. ఆ రికార్డు మధ్యలో అర నిమిషం, రేపు ఈ వార్డులో నల్లా ఎన్ని గంటలకు, ఎల్లుండి ఏ రోడ్డు మూస్తారు, ఆదివారం ఏ హాల్లో ఏ శిబిరం, అని తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. కొత్త బండి కొనక్కర్లేదు, కొత్త ఉద్యోగం అక్కర్లేదు. ముందు రోజు సాయంత్రం ఒకరు కూర్చుని ఫోన్లో రికార్డు చేసి బండ్ల డ్రైవర్లకు పంపాలి, అంతే. గ్రూప్-4లో ఎంపికై వచ్చిన వార్డు ఆఫీసర్లు చదువుకున్న పిల్లలు, వాళ్లకిది పది నిమిషాల పని.

డ్రైవర్ల మీద ఇంకో భారమా అని ఆర్‌పీ అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మొన్న మా గల్లీకొచ్చే డ్రైవరునే అడిగి చూశాను, రికార్డు మోగడానికి నేను చేసేదేముంది సార్, పెన్‌డ్రైవ్ మారుస్త అన్నాడు. ఈ విన్నపం రాతపూర్వకంగా ఇచ్చాం, నాలుగు గల్లీల వాళ్లం సంతకాలు పెట్టి. తీసుకున్నట్టు ముద్ర వేసిచ్చారు. ఇంకా జవాబు రాలేదు, వారం వారం పోయి అడుగుతున్నాం.

నీళ్లు వదిలే ఆయన సంగతి చెప్పి ఆపుతాను. మొదట్లో మేం వాల్వు దగ్గరికి పోయి రేపు నల్లా ఎప్పుడని అడిగితే విసుక్కునేవాడు, మీకు చెప్తే అందరూ నా మీద పడతరు అని. గల్లీకొక ఫోను, రోజుకు యాభై ఫోన్లు, ఆయన విసుగులో అర్థముంది. బోర్డు పెట్టిన మూడు నాలుగు నెలలకు ఆ ఫోన్లు తగ్గాయట. పోయిన శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు నా ఫోన్ మోగింది, ఆయనే. వెనక మోటారు చప్పుడు. "సార్, మోటరు కాలింది, రేపు పొద్దుగాల నీళ్లు రావు, సాయంత్రం నాలుగింటికిస్త. బోర్డు మీద రాయుండ్రి, పొద్దున్నే లేసి సూసుకుంటరు పాపం."

చెప్పులేసుకుని, చాక్‌పీసు తీసుకుని బయల్దేరాను. హోటల్ మూసేసి ఉంది, వీధిలైటు వెలుగుతోంది.